విశాఖలో ఏ బండికి ఏ జీవ ఇంధనం: ఈ20, బయోడీజిల్, సీబీజీ పోలిక

చెరకు, మొక్కజొన్న, పేడ, వంటింటి చెత్త, వాడేసిన నూనె. వీటి నుంచి తీసిన ఇంధనాలు విశాఖ రోడ్ల మీద ఇప్పటికే కాలుతున్నాయి. బంకులో పోయించుకునే పెట్రోల్‌లో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటోంది, దీన్నే ఈ20 అంటారు. సీఎన్‌జీలో కొంత వాటా సీబీజీ (పేడ, చెత్త పులియబెట్టి తీసిన గ్యాస్) కావచ్చు. డీజిల్ బళ్లు నడిపేవాళ్లకు "లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువకే బయోడీజిల్ ఇస్తాం" అనే ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు.

వీటిలో ఏది మంచిదని అడిగితే ఒక్క జవాబు లేదు. మీ ఇంజిన్ ఏది, రోజుకు ఎంత తిరుగుతుంది, ఎన్నాళ్లు కదలకుండా నిలబడుతుంది అన్నవి తెలిస్తే మాత్రం జవాబు చాలావరకు తేలిపోతుంది. వీటితో పాటు మన ఊరికే ఉన్న మూడు సంగతులు లెక్కలోకి వస్తాయి: సముద్రం మీది తేమ, అరకు–లంబసింగి వైపు చలి, ఏటా 61 రోజుల వేట నిషేధం. వేరే ఊళ్ల సలహాలు ఇక్కడ అచ్చంగా పనికిరాకపోవడానికి కారణం ఇవే.

## ముందుగా చూడాల్సినవి

మొదటిది శక్తి. లీటరు ధర ఒక్కటే చూసి ఇంధనం ఎంచుకునేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. ఒక్కో ఇంధనంలో ఉండే శక్తి ఒక్కోలా ఉంటుంది. కింది అంకెలు సుమారువి, మెగాజౌళ్లలో:

| ఇంధనం | యూనిట్ | శక్తి | తేడా |
|---|---|---|---|
| ఇథనాల్ కలపని పెట్రోల్ | లీటరు | 32 | – |
| ఈ20 | లీటరు | 30 | పెట్రోల్ కంటే 6–7 శాతం తక్కువ |
| శుద్ధ ఇథనాల్ | లీటరు | 21 | మూడో వంతు తక్కువ |
| డీజిల్ | లీటరు | 36 | – |
| బీ20 (20 శాతం బయోడీజిల్) | లీటరు | 35 | 2 శాతం వరకు తక్కువ |
| బీ100 (పూర్తి బయోడీజిల్) | లీటరు | 33 | 8 శాతం తక్కువ |
| సీఎన్‌జీ | కిలో | 47 | – |
| సీబీజీ | కిలో | 40–45 | మీథేన్ శాతాన్ని బట్టి |

కాబట్టి బీ100 కనీసం ఎనిమిది శాతం చౌకగా దొరికితేనే డీజిల్‌తో సమానం. ఫిల్టర్ల ఖర్చు, ఆయిల్ త్వరగా మార్చే ఖర్చు దీనికి అదనం. నమ్మదగిన కొలత ఒక్కటే: కిలోమీటరుకు ఎన్ని రూపాయలు? ట్యాంకు నిండుగా కొట్టించి రీడింగ్ రాసుకోండి. మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర నిండుగా కొట్టించి లెక్కకట్టండి. ఇలా వరసగా మూడు ట్యాంకుల సగటు చూస్తేగాని నమ్మకండి. ఒక్క ట్యాంకుతో కట్టిన మైలేజీలో ట్రాఫిక్ తేడానే ఎక్కువగా కనిపిస్తుంది.

రెండోది నిలవ కాలం. ఇథనాల్, బయోడీజిల్ రెండూ నీటిని పీల్చుకుంటాయి. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా రోజూ తిరిగే బండికి దీనితో ఇబ్బంది లేదు, ఎందుకంటే తేమ చేరేలోపే ఇంధనం కాలిపోతుంది. అపార్ట్‌మెంట్ కింద నెలల తరబడి కవరు కప్పి ఉంచే బండి సంగతి వేరు.

మూడోది కాగితం. జీవ ఇంధనం నాణ్యత రంగులో కనిపించదు, వాసనతో తేలదు. బ్యాచ్ పరీక్ష రిపోర్టు ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. నాలుగోది ముడిసరుకు. వ్యర్థం నుంచి వచ్చిందా, తినే గింజ నుంచి వచ్చిందా అన్నది పర్యావరణం కోసమే మారాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

## ఈ20 పెట్రోల్

దేశంలో ఈ20 అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2025 నాటికి 20 శాతం కలపడం దేశమంతా అమల్లోకి వచ్చింది. పెట్రోల్ బండి ఉన్నవాళ్లకు ఇందులో ఎంచుకునేది పెద్దగా లేదు, సర్దుకునే పద్ధతి తెలిస్తే చాలు.

2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లలో పైపులు, సీళ్లు, లోహ భాగాలు ఈ20ని తట్టుకునేవే. 2025 ఏప్రిల్ నుంచి వచ్చినవాటిలో ఇంజిన్ ట్యూనింగ్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అంతకు ముందువాటి గురించి నీతి ఆయోగ్ 2021 నివేదిక ఇచ్చిన అంచనా ఇది: ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై, ఈ10 (10 శాతం ఇథనాల్)కి సర్దిన కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గుతుంది, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3–4 శాతం. ఈ10కి తయారై ఈ20కి సర్దిన కార్లలో 1–2 శాతం మాత్రమే. మైలేజీ పదిహేను, ఇరవై శాతం పడిపోయిందంటే ఇథనాల్‌ను తిట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, టైర్లలో గాలి, బ్రేకు రాపిడి చూపించండి. ఇథనాల్ ఒక్కటే అంత తగ్గించలేదు.

కార్బ్యురేటర్ బళ్ల కథ వేరు. ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే. కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను గుర్తించి ఇంధనం పెంచుతుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. పొద్దున్నే స్టార్ట్ కాక మొరాయించడం, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక క్షణం తడబడటం, సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ మామూలుకన్నా వేడెక్కడం దీని లక్షణాలు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, మిక్స్‌చర్ స్క్రూ సరిచేస్తే చాలావరకు కుదురుతుంది. పదేళ్లు దాటిన బండి అయితే పెట్రోల్ పైపు, ఫ్లోట్ సూది కొన, ట్యాంకు ట్యాపు వాషర్లు కూడా మార్పించండి. పాత రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత పగుళ్లు తేలి కారుతుంది. పైపు కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రబ్బరు రకం కావాలని అడగండి, మామూలు నల్ల రబ్బరు పైపు తెచ్చి బిగించుకోవద్దు.

ఇక మన ఊరి తేమ. ఇథనాల్ కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటిందంటే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ఇంజిన్‌కు వెళ్లే పైపు ఉండేది ఆ అడుగునే. అక్టోబరు, నవంబరు తుపాన్ల తర్వాత చాలా బళ్లు స్టార్ట్ కాకపోవడానికి ఇదొక కారణం. అనుమానం ఉంటే ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి దించి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. పైన కొత్త పెట్రోల్ పోస్తే సరిపోదు.

ఇథనాల్ శాతం తెలుసుకోవాలంటే 100 మిల్లీలీటర్ల కొలజాడీ ఉంటే చాలు. 10 మి.లీ. నీళ్లు పోసి, దాని మీద 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూత పెట్టి ఊపి వదిలేయండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 26–28 దగ్గర ఆగితే అది ఈ20. పది దగ్గరే ఉండిపోతే ఇథనాల్ లేనట్టే. ఆరుబయట, నిప్పుకూ ఫోన్ చార్జర్లకూ దూరంగా చేయండి. "ప్రీమియం" అని పేరుండగానే ఇథనాల్ ఉండదనుకోవద్దు, ఈ పరీక్షతో మీరే చూసుకోవచ్చు.

నెల రోజులు ఊరెళ్తున్నారా? ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగా తగ్గితే లోపల ఊరే తేమ కూడా తగ్గుతుంది. కార్బ్యురేటర్ బండి అయితే ట్యాపు మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి గిన్నె ఖాళీ చేయండి.

ముడిసరుకు దగ్గర మాత్రం ఈ20కి పూర్తి మార్కులు వేయలేం. చెరకు నుంచి తీసే లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీరు కావాలని అదే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. ఇటీవల మొక్కజొన్న వాటా బాగా పెరిగింది. వరిగడ్డి నుంచి తీసే రెండో తరం ఇథనాల్ అసలైన దారి. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో ఇండియన్ ఆయిల్ పానిపట్‌లో కట్టిన ప్లాంటును 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. ఆంధ్రలో వరిగడ్డికి కొదవ లేదు. ఆ పద్ధతి విస్తరించేదాకా మన ట్యాంకులో ఇథనాల్ ఎక్కువగా పొలంలో పండిన పంటదే.

## బయోడీజిల్

నూనెకు మెథనాల్, కొద్దిగా క్షారం కలిపి 55–60 డిగ్రీల వేడిలో గంటకు పైగా తిప్పితే పైన బయోడీజిల్, కింద గ్లిజరిన్ విడిపోతాయి. వంద లీటర్ల నూనెకు ఇరవై లీటర్ల వరకు మెథనాల్ పడుతుంది. చెప్పడానికి సులువుగా ఉన్నా నాణ్యత దెబ్బతినేది ఇక్కడే. బాగా మరిగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు రెండు మూడు శాతం దాటితే క్షారం వాటితో కలిసి సబ్బు అవుతుంది. చర్య సగంలో ఆగితే మిగిలిన నూనె, గ్లిజరిన్ ఇంజెక్టర్ కొన మీద గట్టి పెచ్చులా పేరుకుంటాయి. మెథనాల్ పూర్తిగా ఆవిరి కాకపోతే మంట అంటుకునే ఉష్ణోగ్రత పడిపోయి నిల్వ ప్రమాదకరమవుతుంది. డీజిల్ లారీ ఉందని ఇంటి వెనక డ్రమ్ములో వండుకోవాలనుకునేవాళ్లకు మా సలహా: వద్దు. మెథనాల్ విషం, దాన్ని నిల్వ చేయడానికి అనుమతులు కావాలి, మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు.

బీ100కి మన ప్రమాణం ఐఎస్ 15607. రిపోర్టులో ముఖ్యంగా చూడాల్సినవి: మంట అంటుకునే ఉష్ణోగ్రత (101 డిగ్రీలకు తగ్గకూడదు), నీటి శాతం (కిలోకు 500 మిల్లీగ్రాములు మించకూడదు), మొత్తం గ్లిజరిన్, ఆక్సీకరణ నిలకడ, సోడియం–పొటాషియం. బ్యాచ్ నంబరు, తేదీ మీకు ఇచ్చే సరుకుతో సరిపోవాలి. మూడేళ్ల నాటి రిపోర్టు జిరాక్సు చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి.

చేతిలో రిపోర్టు ఉన్నా ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గది వేడిలో 27 మి.లీ. మెథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి ఊపండి. సరైనదైతే పూర్తిగా కరిగి తేటగా ఉంటుంది. మారని నూనె మిగిలి ఉంటే బొట్లుగా అడుగున చేరుతుంది. డీజిల్ కలిపిన మిశ్రమానికి ఈ పరీక్ష పనికిరాదు, బీ100కే పనికొస్తుంది. దీనికి కావాల్సిన మెథనాల్‌ను ల్యాబులోనే వాడించుకోవడం క్షేమం.

ఇంజిన్ సంగతి. బీఎస్ అంటే బళ్ల పొగకు, ఇంధనానికి పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ కఠినం. బీఎస్‌–6 డీజిల్ ప్రమాణమే ఏడు శాతం వరకు బయోడీజిల్‌ను అనుమతిస్తుంది. అంతవరకు ఏ ఇంజిన్‌కూ భయం లేదు. ఇరవై శాతం దగ్గర దారులు చీలతాయి.

పాత మెకానికల్ పంపు ఇంజిన్లు, అంటే బీఎస్‌–3, అంతకు ముందువి, మంచి బీ20ని హాయిగా తాగుతాయి. జారుడు గుణం ఎక్కువ కాబట్టి పంపుకు మేలే. మొదటి కొన్ని ట్యాంకులే చికాకు. బయోడీజిల్ మంచి ద్రావకం, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్‌కు పంపుతుంది. అందుకే ఒక్కసారిగా మారకుండా బీ5, బీ10, బీ20గా మూడు నాలుగు వారాల్లో పెంచండి. మొదటి ఫిల్టర్‌ను మామూలు గడువులో మూడో వంతు తిరగగానే మార్చండి. నైట్రైల్, సహజ రబ్బరు పైపులు తీసేయండి. ఇత్తడి, రాగి, జింకు పూత భాగాలు ఇంధనాన్ని త్వరగా చెడగొడతాయి. నిల్వ డ్రమ్ముకు రాగి పైపు, ఇత్తడి ట్యాపు పెట్టడం చాలాచోట్ల కనిపించే పొరపాటు.

బీఎస్‌–6 లారీ, బస్సు ఉన్నవాళ్లు కంపెనీ రాతపూర్వకంగా బీ20 ఒప్పుకుంటే తప్ప ఏడు శాతం దాటొద్దు. సైలెన్సర్‌లోని మసి ఫిల్టర్ శుభ్రపడటానికి ఇంజిన్ చివరి దశలో కొంత ఇంధనం అదనంగా చిమ్ముతుంది. డీజిల్ అయితే ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ సంపులోకి జారుతుంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే ఇదే జరుగుతోందని అర్థం. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. సోడియం, పొటాషియం, భాస్వరం ఉన్న నాసిరకం సరుకైతే మసి ఫిల్టర్, యూరియా కేటలిస్ట్ రెండూ పాడవుతాయి. వాటి మరమ్మతు ఖర్చు ముందు లీటరుకు నాలుగు రూపాయల ఆదా ఏ మూలకూ రాదు.

మన దగ్గర వాడేసిన నూనెలో పామాయిల్ పాలు ఎక్కువ. పామాయిల్ బయోడీజిల్ 13–16 డిగ్రీల దగ్గరే చలికాలం కొబ్బరినూనెలా పేరుకోవడం మొదలుపెడుతుంది. విశాఖ తీరంలో ఆ చలి అరుదు. అదే బండి డిసెంబరులో పర్యాటకులను ఎక్కించుకుని లంబసింగికి వెళ్లి రాత్రికి అక్కడే ఆగితే, తెల్లారేసరికి ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపుకు దిగే రోజులున్నాయి. బీ100 గడ్డకడుతుంది. బీ20 కూడా ఫిల్టర్‌లో మైనంలా పట్టి ఇంజిన్‌కు అందకపోవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అరకు, పాడేరు, చింతపల్లి వైపు రాత్రి బస ఉన్న బళ్లకు మామూలు డీజిలే పోయండి.

### బయోడీజిల్ పేరుతో వచ్చే టైరు నూనె

పాత టైర్లను గాలి లేకుండా కాల్చి తీసే నూనెకు బట్టీల్లో వాడకం ఉంది. అది బయోడీజిల్ కాదు. అందులో గంధకం దాదాపు ఒక శాతం. బీఎస్‌–6 డీజిల్‌లో హద్దు పది లక్షల్లో పది పాళ్లు. అంటే సుమారు వెయ్యి రెట్లు. ఘాటైన కాలిన రబ్బరు వాసన, ముదురు రంగు ఉంటే దగ్గరికి రానివ్వొద్దు. రంగు తీసేసి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి గంధకం అంకె లేని రిపోర్టు ఒప్పుకోకండి.

## సీబీజీ

పేడ, కూరగాయల చెత్త, చక్కెర మిల్లు మడ్డి, నేపియర్ గడ్డి, వీటిని గాలి తగలకుండా పులియబెడితే బయోగ్యాస్ వస్తుంది. అందులో మీథేన్ 50–65 శాతం, మిగతాది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. దాన్ని శుద్ధి చేసి మీథేన్‌ను 90 శాతం దాటించి, 200 బార్లకు పైగా ఒత్తిడితో నింపితే సీబీజీ. ప్రమాణం ఐఎస్ 16087. సీఎన్‌జీ బండి దేన్నైనా అదే నాజిల్‌తో నింపుకోవచ్చు, ఇంజిన్‌లో ఏ మార్పూ అక్కర్లేదు. సీబీజీ తయారీని ప్రోత్సహించే కేంద్రం సతత్ పథకం 2018 అక్టోబరులో మొదలైంది. నగర గ్యాస్‌లో సీబీజీ వాటా 2025–26లో ఒక శాతంతో మొదలై 2028–29కి ఐదు శాతానికి చేరాలన్నది కేంద్రం పెట్టిన నియమం. 2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర రిలయన్స్ సీబీజీ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది.

మూడింటిలో మనసుకు దగ్గరైనది ఇదే. టన్ను తిండి వ్యర్థాల నుంచి సుమారు 40 కిలోల సీబీజీ, టన్ను పేడ నుంచి పదిహేను కిలోల పైచిలుకు రావచ్చు. ఇందులో పంట భూమి పోదు, మిగిలిన మడ్డి ఎరువుగా తిరిగి పొలానికి వెళ్తుంది. కాపులుప్పాడలో జిందాల్ ప్లాంటు చెత్తను కాల్చి 15 మెగావాట్ల కరెంటు తీసేలా కట్టారు. పొడి చెత్తకు అది సరే. తడి చెత్తను కాలిస్తే దాని వేడిలో పెద్ద భాగం అందులోని నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. తడి చెత్త గ్యాస్ ట్యాంకుకు చేరడమే న్యాయం, అందుకు ఇంట్లోనే తడి, పొడి వేరుచేయాలి.

కొనేవాళ్లు ఒకటి గమనించాలి. ప్రమాణం ఒప్పుకునే కనీస మీథేన్‌తో వచ్చే కిలో సీబీజీలో శక్తి సీఎన్‌జీ కన్నా 10–15 శాతం తక్కువ ఉండొచ్చు, ఎందుకంటే మిగిలిన బరువైన వాయువులు కూడా తూకంలోకి వస్తాయి. విడిగా సీబీజీ అమ్మే చోట కొంటుంటే మీథేన్ శాతం అడగండి. 95 శాతం పైన ఉంటే తేడా పెద్దగా తెలియదు. హైడ్రోజన్ సల్ఫైడ్ శుద్ధి సరిగా జరగకపోతే రెగ్యులేటర్, సిలిండర్ వాల్వు లోపలినుంచి తుప్పుపడతాయి. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటు వస్తే ఇంజెక్టర్లు జిగురెక్కుతాయి. ఫిల్టర్ కప్పు విప్పితే నల్లటి జిడ్డు కనిపిస్తుంది.

సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష తప్పనిసరి. ఉప్పుగాలికి బ్రాకెట్లు, పట్టీల కింద తుప్పు ముందుగా మొదలవుతుంది కాబట్టి బీచ్ రోడ్డు, హార్బర్ ప్రాంతాల్లో తిరిగేవాళ్లు ఆర్నెల్లకోసారి పట్టీ వదులుచేసి చూపించుకోండి. కిట్ ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్సీలో నమోదు కావాలి.

## ఇక్కడికి ఇంకా రానివి

హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన పునరుత్పాదక డీజిల్ అనేది ఒకటుంది. అదే వాడేసిన నూనె నుంచి తీస్తారు కానీ రసాయనికంగా అసలు డీజిల్ లాంటిదే. పేరుకోదు, నీటిని పీల్చదు, సీటేన్ (ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే అంకె) 70 పైనే. బయోడీజిల్ కష్టాలన్నిటికీ అదే విరుగుడు. మన బంకుల్లో దొరకదు. విమాన ఇంధనంలో అంతర్జాతీయ సర్వీసులకు 2027లో ఒక శాతం, 2028లో రెండు, 2030లో ఐదు శాతం జీవ ఇంధనం కలపాలన్న లక్ష్యం ఉంది. అది మొదలైతే వాడేసిన నూనెకు గిరాకీ పెరిగి బయోడీజిల్ ధర మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల ఒప్పందాలు రాసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

## ఎవరికి ఏది

ఆటో డ్రైవర్లు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు గ్యాసే. లెక్క ఇలా వేయండి, ఇవి చూపించడానికి వేసుకున్న అంకెలే: పెట్రోల్ 110 రూపాయలు, లీటరుకు 25 కి.మీ. అయితే కిలోమీటరుకు 4.40. గ్యాస్ 92 రూపాయలు, కిలోకు 38 కి.మీ. అయితే 2.42. మిగులు దాదాపు రెండు రూపాయలు. 35 వేల కిట్ ఖర్చు రోజుకు వంద కి.మీ. తిరిగితే ఆరు నెలల్లో తీరుతుంది, నలభై తిరిగితే పదిహేను నెలలు పడుతుంది. ఇందులోంచి క్యూలో పోయే సమయాన్ని తీసేయడం మర్చిపోవద్దు. గంటసేపు నిలబడితే రెండు బేరాలు పోయినట్టే. ముప్పై లీటర్ల సిలిండర్‌లో పట్టేది నాలుగు, నాలుగున్నర కిలోలు. రోజుకు ఒకసారి నింపడం తప్పదు కాబట్టి మీ స్టాండుకు, ఇంటికి మధ్యలో బంకు ఉందో లేదో చూసుకున్నాకే కిట్ వేయించండి.

స్కూటర్, బైకు ఉన్నవాళ్లు. ఈ20తో సర్దుకుపోవడమే. పాత బండి మీద రెండు మూడు వేలు పెట్టి పైపులు, జెట్ మార్పిస్తే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. గ్యాస్ కిట్ల జోలికి పోవద్దు.

స్కూలు బస్సులు, లారీలు. పాత ఇంజిన్, ఊళ్లోనే తిరుగుడు, రిపోర్టుతో సరుకు, ఈ మూడూ ఉంటే బీ20 మంచి ఎంపిక. స్కూలు బస్సులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా నిలబడతాయి. సెలవులకు రెండు వారాల ముందే బయోడీజిల్ ఆపి, చివరి ట్యాంకు మామూలు డీజిల్‌తో నింపండి. కొత్త బీఎస్‌–6 బండి అయితే వదిలేయండి.

హార్బర్ బోట్లు. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. బోటు ఇంజిన్లు చాలావరకు మెకానికల్ పంపువే, బీ20 తీసుకోగలవు. చిందినా సూక్ష్మజీవులు దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి కాబట్టి జెట్టీ దగ్గర నీటికి డీజిల్ చేసినంత హాని చేయదు. కానీ బయోడీజిల్ డీజిల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. ఆ నీటికి, ఇంధనానికి మధ్య సూక్ష్మజీవులు పెరిగి గోధుమరంగు జిగురు కడతాయి. రోజుల తరబడి వేటలో ఉండే సోనా బోటులో ఆ జిగురు ఫిల్టర్‌కు అడ్డుపడితే నడిసముద్రంలో ఇంజిన్ ఆగుతుంది. మొదటిసారి వాడేటప్పుడు ఒక్క రోజులో తిరిగొచ్చే వేటకే వాడండి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ పెట్టించి రోజూ పొద్దున్నే అడుగు మర తిప్పి నీళ్లు వదలండి. విడి ఫిల్టర్లు మూడుకు తక్కువ లేకుండా వెంట ఉంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు ఎండలో, తేమలో బయోడీజిల్ ట్యాంకులో ఉంటే ఆమ్లంగా మారి చెడిపోతుంది. నిషేధానికి ముందు చివరి వేటకు మామూలు డీజిలే పోయించి, ట్యాంకు నిండుగా కట్టేయండి. చేపనూనె నుంచి తీసిన బయోడీజిల్ ఎంత చౌకైనా బోటుకు వద్దు, అది మిగతావాటికన్నా చాలా త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. మీ డీజిల్ సబ్సిడీ మిశ్రమానికి వర్తిస్తుందో లేదో మత్స్యశాఖ దగ్గర ముందే అడిగి తెలుసుకోండి.

హోటళ్లు, హాస్టళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్లు. మీ దగ్గర ముడిసరుకే ఉంది, దాన్ని మీ బండికి ఇంధనంగా మార్చుకోవాలనే ఆలోచన రావడం సహజం. నూనెను మీరు శుద్ధి చేయకండి, అమ్మేయండి. మళ్లీ మళ్లీ మరిగిస్తే పుట్టే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 జులై నుంచి నియమం ఉంది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ, వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే రుకో పథకం పెట్టింది. అందులో నమోదైన సేకరణదారుకు రసీదు మీద ఇవ్వండి. వడకట్టి, నీళ్లు తగలకుండా మూత టిన్నుల్లో ఉంచితే మంచి ధర వస్తుంది. గిన్నెలు కడిగిన నీళ్లు కలిస్తే ఆమ్లం పెరిగి రేటు పడిపోతుంది.

తిండి వ్యర్థాలను మాత్రం మీ ఆవరణలోనే గ్యాస్ చేసుకోవచ్చు, బండికి కాదు, పొయ్యికి. రోజుకు వంద కిలోల వ్యర్థం నుంచి 8–12 ఘనమీటర్ల బయోగ్యాస్, అంటే సుమారు నాలుగైదు కిలోల వంటగ్యాస్‌కు సమానం వస్తుంది. 19 కిలోల సిలిండర్ నాలుగైదు రోజులకొకటి మిగిలినట్టు. దాన్నే బండికి వాడాలంటే శుద్ధి యంత్రం, 200 బార్ల కంప్రెసర్, పేలుడు పదార్థాల శాఖ అనుమతులు కావాలి. ఇంత చిన్న పరిమాణానికి ఆ ఖర్చు ఎప్పటికీ తిరిగిరాదు. వంద కిలోలకు సమానంగా నీళ్లు కలిపి, నలభై రోజులు నిలవ ఉండేలా లెక్కిస్తే పది ఘనమీటర్ల ట్యాంకు సరిపోతుంది. మొదట పేడతో నింపి గ్యాస్ మొదలయ్యాక, రోజుకు పది కిలోల వ్యర్థంతో ప్రారంభించి ఆరు వారాల్లో వందకు పెంచండి. తొందరపడితే పులుపెక్కుతుంది. పుల్లటి వాసన వచ్చి, మంట అంటుకోకుండా ఆరిపోతుంటే పీహెచ్ 6.5 కన్నా పడిపోయిందని అర్థం. వారం రోజులు వ్యర్థం వేయడం ఆపి, కొద్దికొద్దిగా సున్నపు నీళ్లు పోయండి. నిమ్మతొక్కలు, ఎముకలు, గుడ్డుపెంకులు వేరు చేయండి. రొయ్య తలలు, చేప వ్యర్థాలు మొత్తంలో పావు వంతు మించనివ్వకండి. మాంసకృత్తులు ఎక్కువైతే అమ్మోనియా పుట్టి గ్యాస్ చేసే జీవులను చంపుతుంది. ఉప్పుచేప కడిగిన నీళ్లు అసలు పోయకండి, ఉప్పు కూడా వాటికి హానే.